పన్నెండింటి ఖాళీ గడి

ఈదులగడ్డ ఊరికి ఆ రోజు వరద హెచ్చరిక దేన్ని చూసి ఇచ్చానో ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు రిపోర్టులో ఒక కారణం రాశాను. అది నిజం కాదు. ఊరివాళ్లు ఇంకో కారణం అనుకుంటున్నారు. అదీ నిజం కాదు. అసలు సంగతి నా డైరీలో ఒక పేజీలో ఉంది. ఆ పేజీ చూసుకుంటూ ఇది రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచి నమ్మకం లేదు. మా వాడలో ఎవరికో గాలి సోకిందని వేపమండలు తెచ్చి హడావుడి చేస్తుంటే నేను నాన్న మగ్గం పక్కన కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. కరెంటు పోయినప్పుడు మేడ మీద ఆరేసిన బట్టలు తెమ్మని మా అమ్మ ఇప్పటికీ నన్నే పంపుతుంది. నాకు భయం వేసేది ఒక్కటే, ఫోన్‌లో కొత్తవాళ్లతో మాట్లాడటం. ఈ సంగతి ఇక్కడ అవసరం కాబట్టి చెప్తున్నాను.

నాన్న వరంగల్‌లో పవర్‌లూమ్ మీద పని చేస్తాడు. నేను డిగ్రీలో లెక్కలు చదివి, హనుమకొండలో వరద సమాచారం చూసే ఒక ఆఫీసులో డేటా ఆపరేటర్‌గా చేరాను. యంత్రాలతో పని ఎక్కువ, మనుషులతో మాట్లాడే పని తక్కువ అని తెలిసే చేరాను.

చుట్టుపక్కల వాగుల మీద వంతెనల దగ్గర మా స్టేషన్లు ఉంటాయి. ఒక ఇనుప స్తంభం, దాని మీద సోలార్ పలక, వాన కొలిచే డబ్బా, తాళం వేసిన ఒక పెట్టె. వంతెన అంచు నుంచి కిందికి చూస్తూ రాడార్ సెన్సర్ ఉంటుంది. అది నీళ్లను తాకదు. పైనుంచి తరంగాన్ని పంపి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన వ్యవధిని బట్టి నీరు ఎంత ఎత్తులో ఉందో చెప్తుంది. పెట్టెలో ఉండే లాగర్ అనే పరికరం ఆ అంకెను సిమ్ కార్డు ద్వారా పదిహేను నిమిషాలకోసారి సర్వర్‌కు పంపుతుంది.

నా ముందున్న తెర మీద ఒక్కో స్టేషన్ ఒక్కో చుక్క. మామూలుగా ఉంటే ఆకుపచ్చ. నీరు హద్దు దాటితే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. స్టేషన్ పనిచేయకపోతే బూడిద రంగు. చుక్క పసుపైతే ఊరి సర్పంచ్‌కు ఫోన్ చేయాలి. ఈదులగడ్డకు ఆ హద్దు మూడు మీటర్లు. నాలుగు మీటర్లకు నీళ్లు కింది వాడలోకి వస్తాయి. అక్కడ నలభై ఇండ్లున్నాయి. అన్నీ కూలి పనులకు పోయేవాళ్లవి.

ఇవి మంచి యంత్రాలు. వీటి వల్ల ప్రాణాలు నిలిచిన రోజులు నాకు తెలుసు. ఇది రాస్తున్నప్పుడు కూడా నేను ఆ మాట మీదే ఉన్నాను.

నేను చేరిన కొత్తలో నాకు ఇచ్చిన మొదటి పని పాత రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఈ స్టేషన్లు రాకముందు ప్రతి వాగుకూ ఒక గేజ్ రీడర్ ఉండేవాడు. వంతెన పిల్లర్ మీద రంగుతో వేసిన స్కేలు చూసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో రిజిస్టర్‌లో రాసి, ఆఫీసుకు ఫోన్‌లో చెప్పేవాడు. మామూలు రోజుల్లో పొద్దున ఒకసారి, వరద రోజుల్లో గంటకోసారి. మిగతావాళ్లు విసుక్కునే ఆ పని నాకు నవల చదివినట్టుండేది. ఒకాయన వానలు లేని రోజుల్లో మార్జిన్‌లో తన దగ్గు గురించి రాసుకునేవాడు. ఇంకొకాయన ఆదివారం ఇంట్లోనే కూర్చుని శనివారం అంకెనే మళ్లీ దించేవాడు.

ఈదులగడ్డ రిజిస్టర్లు సాయిలు అనే ఆయనవి. ఇరవై ఏళ్లకు పైగా ఒకే చేతిరాత. ఆయన అంకెలన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగిసేవి. మనిషి కన్ను స్కేలు మీద ఐదు సెంటీమీటర్ల పెద్ద గీతలను పట్టుకుంటుంది, మధ్యలో ఉన్న చిన్నవాటిని వదిలేస్తుంది. యంత్రం మిల్లీమీటర్ వరకు చెప్తుంది. అందుకే ఒక పట్టిక చూస్తే అవి మనిషి చూసిన అంకెలో, యంత్రం పంపినవో నేను చెప్పగలను.

సాయిలు రిజిస్టర్‌లో ఇంకొకటి కూడా ఉండేది. వరద రోజు పేజీల్లో ప్రతిసారీ ఒక గడి ఖాళీ. తొమ్మిది, పది, పదకొండు గంటల అంకెలుంటాయి. పన్నెండుది ఉండదు. ఒంటి గంటది మళ్లీ ఉంటుంది. వేరే ఏడాది వరదలో ఆ ఖాళీ సాయంత్రం నాలుగింటికి పడుతుంది. ఏ ఏడాదైనా సరే, నీరు రెండున్నర మీటర్లు దాటాక వచ్చే మొదటి గడి అది.

రెండేళ్ల కింద ఈదులగడ్డలో స్టేషన్ బిగించడానికి మా టెక్నీషియన్ స్వప్న అక్క వెళ్తుంటే నేనూ వెళ్లాను. ఆ రిజిస్టర్లు రాసిన మనిషిని చూడాలని నాకు ఆశగా ఉండేది. సాయిలు తాత సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. స్వప్న అక్క స్తంభం ఎక్కి పని చేస్తున్నంతసేపూ కింద నిలబడి చూశాడు. తర్వాత మమ్మల్ని కింది వాడలో తన ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య పోశవ్వ చాయ్ ఇచ్చింది.

"అది నీళ్లను ముట్టదా బిడ్డా?" అని అడిగాడు.

"ముట్టది తాతా. మీదికెల్లే చూస్తది."

"మంచిదే. నాకు గూడ కండ్లు మసకలైతానయ్."

నేను ధైర్యం చేసి ఖాళీ గడి గురించి అడిగాను. నేను ఆయన రాతలు అంత శ్రద్ధగా చూశానని ఆయనకు నవ్వొచ్చింది.

"రెండున్నర దాటిందంటె ఇగ ఆగది. అప్పుడు నేను బ్రిడ్జి కాడ ఉండ. ఊర్లకు ఉరికి, కింది వాడల ఇంటింటికి చెప్పి, మల్లచ్చేసరికి గంట అయితది. చూడని రీడింగు ఎట్ల రాస్త?" కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. "మరి మీ డబ్బ ఉరుకుతదా?"

"మేం ఫోన్ చేస్తం తాతా."

"ఎవలు, నువ్వా? ఎదురుంగ గూసున్న నాకే నీ గొంతు ఇనబడ్తలేదు."

"ఊకో, పొల్ల సిగ్గువడ్తాంది," అని పోశవ్వ ఆయన్ను కసిరింది. స్వప్న అక్క తిరుగు ప్రయాణంలో దారంతా ఆ మాట అని నవ్వింది.

ఆ తర్వాత గేజ్ రీడర్ పని ఆగిపోయింది. పోయిన ఎండాకాలంలో సాయిలు తాత చనిపోయాడని ఊరి సర్పంచ్ రజితక్క ఏదో వేరే పని మీద ఫోన్ చేసినప్పుడు చెప్పింది. ఆ రోజు డైరీలో రెండు లైన్లు రాసుకున్నాను.

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం ఈదులగడ్డ చుక్క ఒక్కసారిగా ఎర్రబడింది. నాలుగున్నర మీటర్లు. ఇంజనీరు సార్ చెప్పడంతో నేను రజితక్కకు ఫోన్ చేశాను. కింది వాడ వాళ్లంతా చంటిపిల్లలను, మేకలను, బియ్యం సంచులను పట్టుకొని ఊరి బడికి చేరారు. తీరా చూస్తే వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. మేడారం జాతరప్పుడు వంతెన రెయిలింగుకు కట్టిన స్వాగతం ఫ్లెక్సీ గాలికి ఒక పక్క తెగి, సరిగ్గా సెన్సర్ కింద వేలాడింది. రాడార్ దాన్ని నీళ్లనుకుంది.

సాయంత్రం రజితక్క ఫోన్ చేసింది.

"మీ డబ్బకు ఫ్లెక్సీకి నీళ్లకు ఫరక్ తెల్వదా మేడం? ఫ్లెక్సీల మీదున్న లీడర్ల మొఖాలు జూసి జడుసుకున్నదా ఏంది?"

"సారీ అక్కా."

"సారీ ఎందుకు తియ్యి. ఇంకోసారి గిట్లయితె మేం బడికి పోం. నలభై ఇండ్లోళ్లం మేకలతోని మీ ఆఫీసుకే వస్తం. చాయ్ పెట్టుండ్రి."

ఆమె నవ్వుతూనే అంది. కానీ కింది వాడ వాళ్లు ఇంకోసారి అంత సులువుగా కదలరని నాకు అర్థమైంది. హెచ్చరికకు ఉండే విలువ ఒక్క తప్పుతో సగం పోతుంది.

జూలైలో పిడుగు పడి ఆ స్టేషన్ లాగర్ కాలిపోయింది. స్వప్న అక్క వెళ్లి లాగర్‌నూ బ్యాటరీనీ ఊడదీసి, పెట్టెకు మళ్లీ తాళం వేసి వచ్చింది. బయటి నుంచి చూసేవాళ్లకు స్తంభం, పలక, పెట్టె ఎప్పటిలాగే ఉన్నాయి. పెట్టె లోపల వైర్ల కొసలు తప్ప ఏమీ లేవు. లోపల మార్చాల్సిన భాగం హైదరాబాద్ నుంచి రావాలి. అంతవరకు లాగర్‌ను పేపర్‌లో చుట్టి నా టేబుల్ మూలన పెట్టింది. సిమ్ కార్డును నేనే ఒక కవర్‌లో వేసి, మీద స్టేషన్ పేరు రాసి నా సొరుగులో పెట్టాను. తెర మీద ఈదులగడ్డ చుక్క బూడిద రంగులోకి మారింది. తొమ్మిది రోజులు అలాగే ఉంది.

పదో రోజు జరిగింది ఇది.

ముందు రోజు నుంచి హనుమకొండలో ముసురు. ఇంజనీరు సార్ పొద్దున్నే మీటింగ్‌కు వెళ్లాడు. స్వప్న అక్క జీపులో ఇంకో వైపు స్టేషన్‌కు వెళ్లింది. గదిలో నేను, గది ఊడ్చి చాయ్ పెట్టే యాకమ్మక్క, ఇద్దరమే ఉన్నాం. తెర మీద పెద్దగా వానలు ఎక్కడా లేవు. ఈదులగడ్డకు పైన ఉన్నదంతా అడవి. అటువైపు మాకు స్టేషన్ లేదు.

తొమ్మిది దాటాక యాకమ్మక్క తెర మీది దుమ్ము తుడుస్తూ, "గీ చుక్క మంచిగైందా?" అని అడిగింది.

"ఏ చుక్కక్కా?"

"గదే, మొన్నటిసంది బూడిద లెక్క ఉన్నది జూడు. పచ్చగైంది."

ఈదులగడ్డ చుక్క. నొక్కి చూశాను. తొమ్మిది గంటలకు ఒక రీడింగ్ వచ్చింది. 1.200.

సర్వర్ ఏదో పాత అంకెను చూపిస్తోందనుకున్నాను. అలా జరుగుతుంటుంది. అయినా పేపర్ విప్పి లాగర్‌ను చూశాను. వెనక మూత తీసి ఉంది, బ్యాటరీ లేదు, కాలిన వాసన ఇంకా పోలేదు. సొరుగు లాగి కవర్ తీశాను. సిమ్ అందులోనే ఉంది. అరచేతిలో వేసుకొని చూసి మళ్లీ కవర్‌లో పెట్టాను.

తొమ్మిదింపావుకు ఏమీ రాలేదు. తొమ్మిదిన్నరకూ రాలేదు. నాకు నిశ్చింతగా అనిపించింది. ఏదో తప్పుడు అంకె, వచ్చి పోయింది. పది గంటలకు ఇంకొకటి వచ్చింది. 1.750.

సర్వర్ చూసుకునే అబ్బాయికి హైదరాబాద్ ఫోన్ చేశాను. ఫోన్ చేయడానికి ముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను, అది నా అలవాటు. ఇంకో పరికరం ఏదైనా ఈ స్టేషన్ పేరుతో అంకెలు పంపుతోందా అని అడిగాను. అతను చూసి, "లేదు మేడం, మీ స్టేషనే, మీ సిమ్ నంబర్ నుంచే వస్తున్నయ్. బాగానే ఉంది కదా?" అన్నాడు. సిమ్ నా సొరుగులో ఉందని చెప్పబోయి ఊరుకున్నాను. చెప్తే ఏమంటాడో ఊహించుకోగలిగాను.

పదకొండుకు 2.600.

అప్పుడు మూడు అంకెలనూ డైరీలో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. తెర మీద చూస్తే కనిపించనిది చేత్తో రాస్తే కనిపించింది. ఒకటి ఇరవై. ఒకటి డెబ్బై ఐదు. రెండు అరవై. రాడార్ వరుసగా మూడుసార్లు ఇలాంటి అంకెలు పంపడం నేను ఎప్పుడూ చూడలేదు. దాని అంకెలు 1.213లా, 1.748లా ఉంటాయి. పైగా పదిహేను నిమిషాలకోసారి రావలసినవి సరిగ్గా గంటకోసారి వస్తున్నాయి.

పాత రిజిస్టర్లు అదే గదిలో ఇనుప రాక్‌లో ఉన్నాయి. ఈదులగడ్డది తీసి ఒక వరద రోజు పేజీ తెరిచి డైరీ పక్కన పెట్టాను. నాకు భయం వేయలేదు, నిజంగానే వేయలేదు. ఒక లెక్క ఎటు పోతోందో తెలిసినప్పుడు ఉండే స్థిమితం ఉంది. అయితే ఆ లెక్కను ఇంకొకరికి చెప్పలేనని కూడా తెలుసు.

గోడ గడియారంలో పన్నెండైంది. తెర వైపు చూస్తూ కూర్చున్నాను. రీడింగ్ రాలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. చుక్క ఆకుపచ్చగానే ఉంది. పన్నెండు గంటల గడి మాత్రం ఖాళీ.

యంత్రం దృష్టిలో అది కేవలం రాని అంకె. నిబంధన ప్రకారం చూస్తే నీరు మూడు మీటర్లు దాటలేదు, చుక్క పసుపు కాలేదు, స్టేషనే అధికారికంగా మూతపడి ఉంది. ఫోన్ చేయడానికి నాకు ఒక్క కారణం కూడా లేదు. కానీ ఆ రిజిస్టర్లు మొదటి నుంచి చివరిదాకా చదివినదాన్ని నేను. రెండున్నర దాటాక వచ్చే ఖాళీ గడికి అర్థం ఏమిటో నాకు తెలుసు. ఆ గంటలో మనిషి వాగు దగ్గర ఉండడు, కింది వాడలో ఇంటింటికీ తిరుగుతుంటాడు. ఇప్పుడు అలా తిరిగే మనిషి ఎవరూ లేరు.

ఇంజనీరు సార్ ఫోన్ ఎత్తలేదు. స్వప్న అక్క ఫోన్ కలవలేదు. పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలకు రజితక్కకు ఫోన్ చేశాను. ఈసారి కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

"ఏంది మేడం, మల్ల ఫ్లెక్సీ ఊగుతాందా?"

"అక్కా, వరద వస్తాంది. కింది వాడోళ్లను ఇప్పుడే బడికి పంపుండ్రి."

"ఈడ చినుకులే పడ్తానయ్. నేను వాకిట్లనే ఉన్న."

"మీదికెల్లి వస్తాంది అక్కా. అడవిల పడ్డది మీకు కనబడది. మా స్టేషన్ చెప్తాంది."

"మీ స్టేషన్ జూన్ల గూడ చెప్పింది."

నేను అరిచినంత పని చేశాను. యాకమ్మక్క చాయ్ గిన్నె వదిలేసి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఈసారి తప్పయితె నా పేరు చెప్పుండ్రి అక్కా. హనుమకొండ ఆఫీసుల పొల్ల మోసం చేసిందని చెప్పుండ్రి. నేనే వచ్చి అందరి ముందల నిలబడ్త. ఇప్పుడైతె లేపుండ్రి."

అటువైపు ఆమె ఎవరినో కేకేసి పిలిచింది. తర్వాత, "మీ గొంతు గింత పెద్దగున్నదని నాకు తెల్వదు," అని ఫోన్ పెట్టేసింది.

పావుగంటకు ఆమే చేసింది. వెనక మనుషుల గోల వినిపిస్తోంది.

"సగం మంది పోయిండ్లు మేడం. పోశవ్వ కదల్తలేదు. సాయిలు పెండ్లాం లేదా, ఆమె. ఆమె గడప దిగకుంటె చుట్టుపక్కలోళ్లు గూడ దిగుతలేరు. వాగు సంగతి సాయిలు ఇంట్ల తెల్వంది మనకేం తెలుస్తది అంటాన్లు. జర మీరే మాట్లాడుండ్రి."

ఫోన్ చేతులు మారింది.

"ఎవలు?"

"నేనవ్వా. హనుమకొండ ఆఫీసుల నుంచి. డబ్బ పెట్టిన దినం మీ ఇంటికచ్చిన."

"ఆఁ, సిగ్గుల పొల్లవు. ఏంది బిడ్డా గీ లొల్లి? ఆయన ఉన్నప్పుడు ఇంత పరేషాన్ లేకుండె."

"అవ్వా, పదకొండింటికి రెండు మీటర్ల అరవై ఉన్నది. పన్నెండింటికి రీడింగు లేదు."



"లేదా?" అంది.

"లేదవ్వా. గడి ఖాళీగ ఉన్నది."

ఇంకేమీ అడగలేదు. ఫోన్ పక్కకు జరిగినట్టుంది. ఆమె గొంతు దూరంగా, మామూలుగా వినిపించింది. "నడువుండ్రే. ఆ మేకను ఇప్పు. బియ్యం సంచి ఆడనే ఉండనీ, నువ్వు నడువు." ఫోన్ కట్ అయింది.

ఒంటి గంటకు రీడింగ్ వచ్చింది. 4.100. చుక్క పసుపు కాకుండానే ఎర్రబడింది. రెండింటికి 4.850 వచ్చింది. ఇంకొంతసేపటికి చుక్క మళ్లీ బూడిద రంగులోకి వెళ్లింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఒంటి గంటకు కొంచెం ముందే నీళ్లు కింది వాడలోకి వచ్చాయని రజితక్క తర్వాత చెప్పింది. అడవిలో రెండు కుంటలు ఒకదాని వెంట ఒకటి తెగాయి. ఊళ్లో పెద్ద వాన లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వాగు వంతెన దగ్గర మలుపు తిరుగుతుంది, వాడలో నుంచి కనిపించదు. ఆరు ఇండ్ల గోడలు పడిపోయాయి. నడుములోతు నీళ్లలో మంచాలు కొట్టుకుపోయాయి. మనుషులందరూ బడిలో ఉన్నారు. నేను మూడు మీటర్ల అంకె కోసం ఎదురుచూసి ఉంటే నాకు కనిపించేది ఒంటి గంట అంకె. అప్పటికి వాళ్లు నీళ్లలో ఉండేవాళ్లు.

ఇంజనీరు సార్ సాయంత్రం వచ్చి, స్టేషన్ లేకుండా ఎలా చెప్పగలిగావని అడిగాడు. ముందు రోజు నుంచి వదలని ముసురును బట్టి ముందు జాగ్రత్తగా చెప్పానన్నాను. రిపోర్టులోనూ అదే రాశాను. ఆయన చాలా మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఇప్పటికీ నాకు ముల్లులా ఉంటుంది. ఊరివాళ్లేమో స్తంభం మీది పెట్టె చెప్పిందనుకుంటున్నారు. నేనే అలా చెప్పాను మరి.

మర్నాడు పొద్దున పట్టిక తెరిచాను. ఈదులగడ్డ వరుసలో ముందు రోజు గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. తొమ్మిది, పది, పదకొండు, ఒంటి గంట, రెండు, ఏదీ లేదు. సర్వర్ అబ్బాయికి మళ్లీ ఫోన్ చేశాను. నేను ఫోన్ చేసిన సంగతి అతనికి గుర్తుంది. "నిన్న ఆ స్టేషన్ నుంచి ఒక్కటి కూడా రాలేదు మేడం. నేను తొందర్లో వేరే స్టేషన్ చూసి చెప్పిన్నేమో," అన్నాడు. కావచ్చు. మంచి అబ్బాయి, అబద్ధం చెప్పే అవసరం లేదు.

నేనే భ్రమపడ్డానేమోనని యాకమ్మక్కను అడిగాను.

"చుక్క పచ్చగైంది నువ్వు చూసినవ్ గదా అక్కా?"

"చూసిన. పచ్చగుండె, ఎనుక ఎర్రగైంది. ఎందుకు మేడం, ఏమన్న ఖరాబైందా? నేనైతె గుడ్డతోనే తుడిసిన, దేన్నీ ఒత్తలే."

ఆమెను మళ్లీ అడగలేదు.

అంకెలు నా ఊహలో నుంచి వచ్చాయని కూడా అనుకొని చూశాను. ఆ రిజిస్టర్లను అన్నిసార్లు చదివినదాన్ని, అలాంటి అంకెలు నా బుర్రలోనే పుట్టొచ్చు. ఆ అనుమానం తీర్చింది ఒక ఫోటో. అవతలి ఊరి మనిషి ఒకరు బండి మీద వంతెన దాటి, గట్టు మీద ఆగి, ఎర్రటి నీళ్లు నిండుగా వస్తున్నాయని సంబరపడి ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకొని వెళ్లిపోయాడు. వరద తర్వాత అది గ్రూపుల్లో తిరిగి రజితక్క ద్వారా నాకు చేరింది. ఆయన్ను అడిగించి తీసిన సమయం తెలుసుకున్నాను. పదకొండు దాటి రెండు నిమిషాలు. ఫోటోలో పిల్లర్ మీద పాత స్కేలు స్పష్టంగా కనిపిస్తోంది. నీళ్ల అంచు రెండు మీటర్ల అరవై గీత మీద ఉంది.

ఫోటోను పెద్దది చేసి ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాను. వంతెన మీద మనిషెవరూ లేరు. పెట్టె తాళం వేసి ఉంది.

ఆగస్టులో స్వప్న అక్క కొత్త భాగం వేసి లాగర్‌ను తీసుకెళ్లి బిగించింది. తాళం తీసినప్పుడు లోపల వైర్ల కొసలు తను చుట్టిన టేపుతో అలాగే ఉన్నాయని చెప్పింది. నేను అడిగితేనే చెప్పింది, ఎందుకు అడిగానో ఆమెకు తెలియదు. స్టేషన్ ఇప్పుడు పదిహేను నిమిషాలకోసారి మూడు దశాంశాలతో చక్కగా పంపుతోంది. అడవి వైపు కూడా ఒక స్టేషన్ పెట్టమని నేను రాసిన కాగితం పైకి వెళ్లింది. రెండున్నర మీటర్లకే ఫోన్ చేయాలని ఈదులగడ్డ హద్దును మార్పించాను. దానికి కారణంగా సాయిలు తాత రిజిస్టర్లను చూపించాను. ఆ ఒక్క చోట నిజం రాయగలిగాను.

బ్యాటరీ లేని పరికరం, సొరుగులో ఉన్న సిమ్, ఉండి లేకుండా పోయిన ఐదు అంకెలు. వీటిని కలిపి ఒక వాక్యం చేయడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. దయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ రాలేదు. నా డైరీలో ఉన్న అంకెలు నిజమైనవని మాత్రం ఎవరు అడిగినా చెప్తాను.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం ఇంట్లో లైబ్రరీకని చెప్పి, హనుమకొండ బస్టాండ్‌లో బస్సెక్కి ఈదులగడ్డ వెళ్లాను. పోశవ్వ ఇంటి వెనక గోడ కొత్తగా లేపుతున్నారు. ఆమె ఇటుకల మీద నీళ్లు చల్లుతోంది. నన్ను గుర్తుపట్టింది. చాయ్ ఇచ్చింది. ఎవరికీ చెప్పనిది ఆమెకైనా చెప్పాలని వెళ్లాను కానీ, గంటసేపు ఇటుకల గురించి, ఆమె మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. చీకటి పడకముందే వెళ్లే చివరి బస్సు రోడ్డు మీద హారన్ కొట్టింది. లేచి చెప్పులు వేసుకుంటూ ఒక్క మాట అడగగలిగాను. ఆ రోజు వంతెన కాడ స్కేలు ఎవరు చూశారవ్వా అని.

ఆమె చెంబులో మిగిలిన నీళ్లు గోడ మీద పోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఎవలు చూస్తె ఏంది బిడ్డా. నువ్వు చెప్పినవ్, మేం ఇన్నం. ఇగ నడువు, నీ బస్సు పోతది."